కొడుకు లెఫ్టినెంట్ అయ్యాడు, ఎవరికీ చెప్పుకోవద్దంటున్నాడు. మీరంతా ఎలా ఊరుకుంటున్నారండీ?

కొత్తస్టార్_నాన్న:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, చివర్లో అసలు ప్రశ్న ఉంది.

మా అబ్బాయి డిగ్రీ అయ్యాక సైన్యంలో ఆఫీసర్ల పరీక్ష సీడీఎస్ రాశాడు, దాని ఇంటర్వ్యూ బోర్డు ఎస్‌ఎస్‌బీలో రెండుసార్లు వెనక్కొచ్చి మూడోసారి సెలెక్టయ్యాడు. మిలిటరీ అకాడమీ ఐఎంఏలో ఏడాదిన్నర ట్రైనింగ్ చేసి మొన్న జూన్‌లో లెఫ్టినెంట్ అయ్యాడు. మా వైపు గానీ మా ఆవిడ వైపు గానీ ఆర్మీలో ఎవరూ లేరు, మా ఇంట్లో యూనిఫాం అంటే స్కూల్ యూనిఫామే తెలుసు.

పాసింగ్ ఔట్ పరేడ్‌కి డెహ్రాడూన్ వెళ్ళాం. చెట్‌వుడ్ బిల్డింగ్ ముందు డ్రిల్ స్క్వేర్‌లో వందల మంది పిల్లలు, ఒకే డ్రెస్సు, ఒకే అడుగు, ఒకే సైజు జుట్టు, నా కొడుకుని నేనే గుర్తుపట్టలేకపోయా. మా ఆవిడ మాత్రం "అదిగో ముందు వరసలో, ఎడమ భుజం కాస్త దించి నడుస్తున్నాడు చూడండి, చిన్నప్పట్నించీ బ్యాగు ఆ భుజానికే వేసేవాడు" అని చూపించింది. ఇంక ఇద్దరం కళ్ళు తిప్పుకోలేదు, పరేడ్ అంతా ఏడుస్తూనే ఉన్నాం. తీరా అయ్యాక వాడిని అడిగితే అసలు వాడు ఆ కంపెనీయే కాదట, అటు చివర ఉన్నాడట. అంతసేపూ ఎవరి పిల్లాడినో చూసి ఏడ్చామన్నమాట. పోన్లెండి, వాళ్ళ అమ్మానాన్నా మా వాడిని చూసి ఉంటారు.

స్లో మార్చ్‌లో అంతిమ్ పగ్ అనే ఆఖరి అడుగు గీత దాటి ఆ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోతుంటే పైనుంచి హెలికాప్టర్ పూలు చల్లింది. ఆ తర్వాత స్టార్స్ పెట్టే ప్రోగ్రాం, ఒక భుజం నేను, ఒక భుజం వాళ్ళమ్మ. నా చెయ్యి ఎంత వణికిందంటే వాడే నా వేళ్ళు పట్టుకుని "మెల్లిగా నాన్నా, తొందరేం లేదు" అన్నాడు. అక్కడ అప్పటి ఆర్మీ పెద్ద చెట్‌వుడ్ దొర 1932లో చెప్పిన మాటలు రాసి ఉంటే వాటికి తెలుగులో అర్థం చెప్పాడు. ఎప్పుడైనా సరే ముందు దేశం, తర్వాత నీ కింద పనిచేసే జవాన్ల బాగోగులు, నీ సుఖం నీ క్షేమం అన్నిటికన్నా ఆఖరున అని. మా ఆవిడ అంతా విని "మరి అమ్మానాన్నలది ఎన్నో నంబరురా" అంది. వాడు నవ్వి "మీరు నా లెక్కలోనేగా అమ్మా, ఆఖర్న" అన్నాడు.

ఇక అసలు సంగతి. యూనిట్‌లో జాయినయ్యాక ఇంటికొక ఫోటో పంపాడు, వెనకాల బోర్డు కనిపిస్తోంది. ఆపుకోలేక వాట్సాప్ స్టేటస్ పెట్టేశా, యూనిట్ పేరూ ఊరి పేరూ కూడా రాసి. గంట కూడా కాలేదు, ఫోన్. "నాన్నా, ముందు అది తీసెయ్యి, తర్వాత మాట్లాడతా." తీసేశా. మళ్ళీ రెండు రోజులు మాట్లాడలేదు. అప్పట్నించీ ఎక్కడ అని ఎవరడిగినా తెలీదంటున్నా. మొన్నొక పెళ్ళిలో "అదేంటండీ కన్నకొడుకు ఎక్కడున్నాడో తెలీదా" అని మా బావమరిది నా మొహం వంక ఎలా చూశాడంటే, తండ్రీకొడుకులకి మాటల్లేవనుకున్నాడు పాపం.

ఇది కూడా పర్లేదు. స్టేటస్ పెట్టిన వారానికి ఎవరో హిందీలో ఫోన్ చేశారు, హెడ్‌క్వార్టర్స్ నుంచి, మీ అబ్బాయి ఫారం ఒకటి పంపాలి, యూనిట్ అడ్రస్ చెప్పండి అని. మర్యాదగా మాట్లాడాడు, నన్ను పితాజీ అన్నాడు. యూనిట్ పేరు చెప్పేశా. ఊరు చెప్పబోతూ ఎందుకో అనుమానమొచ్చి తర్వాత చెయ్యండి అని పెట్టేశా. ఇది మా వాడికి ఇంకా చెప్పలేదు, చెబితే వాడి ఉద్యోగానికి ఏమన్నా అవుతుందా, చెప్పకపోతే ఇంకా పెద్దదవుతుందా, నాలుగు రోజుల్నించీ నిద్ర లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

——

హవల్దార్_రిటైర్డ్:

సార్, ఇది చదవడం ఇక్కడే ఆపి ముందు అబ్బాయికి ఫోన్ చెయ్యండి. మిగతాది తర్వాత వచ్చి చదూకోండి.

చేశారా? సరే. 24 ఏళ్ళు ఇన్ఫాంట్రీలో చేసి హవల్దార్‌గా దిగినోణ్ణి, నాకు తెలిసింది చెప్తా. హెడ్‌క్వార్టర్స్‌కి మీ అబ్బాయి అడ్రస్ కావాలంటే మిమ్మల్నెందుకండీ అడుగుతారు, వాళ్ళ దగ్గర ఆయన బ్లడ్ గ్రూపుతో సహా ఉంటది. సీనియర్ ఆఫీసర్ననో రికార్డ్ ఆఫీసు అనో చెప్పి ఇంట్లోవాళ్ళకీ సివిల్‌వాళ్ళకీ ఫోన్లు చేసి ముక్కా ముక్కా లాగడం అవతలోళ్ళకి పాత అలవాటే. ఒకరి దగ్గర యూనిట్ పేరు, ఇంకొకరి దగ్గర ఊరు, ఇంకొకరి దగ్గర ఎప్పుడు కదుల్తున్నారో. అన్నీ కలిపితే బొమ్మ వస్తది. మీ స్టేటస్‌కీ ఆ ఫోన్‌కీ సంబంధం ఉందో లేదో మీరూ నేనూ తేల్చేది కాదు, దానికి వేరే మనుషులున్నారు. అబ్బాయి వాళ్ళ యూనిట్ పెద్ద సీఓ సాబ్‌కి రిపోర్ట్ చెయ్యాలి, అంతే. నంబరు, టైము, మీరన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. తగ్గించి చెప్పొద్దు. తండ్రి నోరు జారాడని ఉద్యోగం తీసేస్తారేమో అని మీకు భయం, కానీ దాచింది బయటపడితేనే పిల్లాడికి తలనొప్పి.

ఇంకో మాట. ఆయన మీకు ఉత్తరాల అడ్రస్ ఇచ్చే ఉంటాడు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు. అందులో ఊరుండదు, జిల్లా ఉండదు, రాష్ట్రం ఉండదు. మంచులో ఉన్నా ఎడారిలో ఉన్నా అదే నంబరు. ఆర్మీ పోస్టల్ వాళ్ళు అంత కష్టపడి కవరు మీద కూడా రాయకుండా దాచిన ఊరిని మీరు పట్టుకెళ్ళి స్టేటస్‌లో పెట్టారు సార్! కోపంతో అనట్లేదు, నవ్వొచ్చి అంటున్నా. 2020 జులైలో ఆర్మీలో అందర్నీ ఫోన్లలోంచి 89 యాప్స్ తీసెయ్యమన్నారు, అందులో ఫేస్‌బుక్కు, ఇన్‌స్టా, ట్రూకాలర్ కూడా ఉన్నాయి. కొడుకు ఫోన్లో తీసేస్తే ఏం లాభం, తండ్రి ఫోన్లో అన్నీ ఉంటే.

మీ పరేడ్ ముచ్చట చదివాక నాదీ రాయాలనిపిస్తంది. మావాడు కోరుకొండ సైనిక్ స్కూల్, అక్కణ్ణించి డిఫెన్స్ అకాడమీ ఎన్డీఏలో మూడేళ్ళు, తర్వాత ఐఎంఏ ఏడాది. పరేడ్ అయ్యాక అందరూ నువ్వు సెల్యూట్ కొట్టు వీడియో తీస్తామని వెంటపడ్డారు. సివిల్ బట్టల్లో, తల మీద టోపీ లేకుండా చెయ్యెత్తి సెల్యూట్ ఏంటండీ, సావధాన్ అయ్యి జైహింద్ సాబ్ అనాలి. ఆ వీడియోలు చూసి లోకమంతా ఏడుస్తది, నాకు మాత్రం మా డ్రిల్ ఉస్తాద్ గుర్తొచ్చి ఒళ్ళు మండుద్ది. మావాడు ఎదురుగా వచ్చాడు, నేను మడమలు కలిపి సావధాన్ అయ్యా, జైహింద్ సాబ్ అన్నా. వాడు కాసేపు ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోయాడు. తర్వాత మెల్లిగా, నాకొక్కడికే వినపడేట్టు, "విశ్రామ్, నాన్నా" అన్నాడు. ఆఫీసరయ్యాక వాడిచ్చిన మొదటి ఆర్డర్ అది. వీడియో మా తోడల్లుడు తీశాడు గానీ అందులో మాట వినపడదు, గాలి చప్పుడే.

——

మామూలుమనిషి:

తప్పుగా అనుకోకండి, అడగాలనిపించి అడుగుతున్నా. ఇంత అవసరమా? లెఫ్టినెంట్‌కి బేసిక్ 56,100, పైన మిలిటరీ సర్వీస్ పే 15,500, ట్రైనింగ్‌లో కూడా 56,100 స్టైపెండ్. మంచి జీతం, మంచి ఉద్యోగం, కష్టపడి తెచ్చుకున్నాడు, సంతోషం. మా అన్న లైన్‌మన్, వానలో స్తంభమెక్కి చచ్చి బతికిన రోజులున్నాయి. మా అమ్మానాన్నల మీద ఏ హెలికాప్టరూ పూలు చల్లలేదు. ఆర్మీ వాళ్ళ తల్లిదండ్రులకే ఎందుకు ఈ స్పెషల్ గర్వం అని, అంతే. తిట్టకండి.

——

ఓటీఏ_అమ్మ:

తిట్టను బాబూ, నువ్వన్నది నిజమే. మీ అన్నకి నా దండం చెప్పు. నాక్కూడా మొదట్లో ఈ గర్వం అనే మాట వింటే చిరాకుగా ఉండేది, ఎందుకంటే నాకు గర్వం కన్నా భయమే ఎక్కువ ఉండేది, అందరూ నా మొహం చూసి మీకెంత గర్వంగా ఉందో అంటుంటే అవునవును అనేదాన్ని.

మాది అమ్మాయి. చెన్నై ఓటీఏ, ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ, 49 వారాలు, షార్ట్ సర్వీస్. పదేళ్ళు, కావాలంటే ఇంకో నాలుగేళ్ళు. ఇప్పుడు కెప్టెన్. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆడపిల్లలకి పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం, ఇవ్వాలని తీర్పిస్తే ఆ పేపర్ కటింగ్ మా ఇంట్లో గోడకి అంటించుకుంది, అప్పటికి ఇంకా కాలేజీనే. అదే ఏడాది జూన్ 15 గల్వాన్, చైనా వాళ్ళతో ఘర్షణ. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు, 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్, అందులో పోయారు, తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. వాళ్ళ ఇంటిని టీవీలో చూపిస్తున్నారు. మా అమ్మాయి పక్కనే కింద కూర్చుని సీడీఎస్ పుస్తకం ముందేసుకుంది. నేను టీవీ చూడట్లేదు, దాన్నే చూస్తున్నా, ఇప్పుడు పుస్తకం మూసేస్తుందేమో, మూసేస్తే బాగుండు అని. టీవీ వంక చాలాసేపు చూసింది. తర్వాత పేజీ తిప్పింది. ఆ రోజు నుంచీ నేను దాన్ని వద్దు అనలేదు. నా గర్వం ఏదన్నా ఉంటే ఆ పేజీ తిప్పినప్పటిది, స్టార్స్ పెట్టినప్పటిది కాదు.

కొత్తస్టార్ నాన్న గారూ, చెప్పుకోకుండా ఎలా ఉంటారు అని అడిగారు కదా. నేనూ మీలాగే తప్పులు చేసే నేర్చుకున్నా. ముందు ఒక తెలివి చేశా, ఫోన్లో ఊరు చెప్పకూడదు కాబట్టి కోడ్ పెట్టుకుందామన్నా. పెద్దమ్మ దగ్గరికెళ్ళా అంటే బోర్డర్, పిన్ని ఇంటికెళ్ళా అంటే మామూలు స్టేషన్ అని. అది తల పట్టుకుని "అమ్మా, ఇది కూడా చెప్పడమే" అంది. నిజమే కదా.

2025 మేలో పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ అప్పుడు, 7 నుంచి 10 దాకా, ఆ నాలుగు రోజులు మాత్రం చెప్పలేను. టీవీ పెడితే ప్రతి ఛానెల్లోనూ సైరన్ మోత, ఎక్కడ మోగుతోందో కాదు, వాళ్ళ స్టూడియోలోనే మోగిస్తున్నారు. మా ఆయన ప్లగ్ పీకేశాడు. నేను వాట్సాప్‌లో దాని పేరు మీద లాస్ట్ సీన్ చూస్తూ కూర్చునేదాన్ని. 11:42 అని ఉంటే 11:42కి ఫోన్ పట్టుకునే ఓపిక ఉంది అని నా లెక్క. నేనేం మెసేజ్ పెట్టేదాన్ని కాదు, పెడితే జవాబు ఇవ్వాలి కదా, దానికి అదొక పని. తొమ్మిదో తారీకు రాత్రి ఆ లాస్ట్ సీన్ అనే లైనే మాయమైపోయింది. అంతే, ఇంక చూడు. పొద్దున ఆరింటికి "బాగున్నా" అని మూడక్షరాలొచ్చాయి. తర్వాత లీవులో వచ్చినప్పుడు తెలిసింది, ఎవరో చెబితే సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకుందట. ఒక్క బటన్ అండీ. ఇప్పుడు నా ఒక్కదానికి కనపడేలా పెట్టించుకున్నా, ఇందులో సెక్యూరిటీ ఏమన్నా ఉందేమో హవల్దార్ గారు చెప్పాలి.

పెళ్ళి సంగతి ఎవరూ అడక్కండి.

——

యూనిట్_నుంచి:

అంకుల్, నేను సర్వీస్‌లో ఉన్నా, అంతకన్నా చెప్పను. పిల్లల వైపు నుంచి రెండు ముక్కలు.

మీవాడు కోప్పడింది మీ మీద అనుకోకండి. కొత్త లెఫ్టినెంట్ అంటే యూనిట్‌లో అందరికన్నా చిన్న ప్రాణం. చాలా చోట్ల మొదట్లో ఆఫీసర్స్ మెస్‌లో కాదు, జవాన్లతో పాటు బ్యారక్‌లోనే పడుకోవాలి, వాళ్ళ పేర్లు, ఊళ్ళు, పిల్లల పేర్లు నేర్చుకోవాలి. సుబేదార్ సాబ్ సర్వీసు మన వయసంత ఉంటుంది, ఆయన మనకి సాబ్ అంటాడు, మనం ఆయనకి సాబ్ అంటాం, నిజానికి ఎవరు ఎవరికి నేర్పుతున్నారో అందరికీ తెలుసు. అలాంటి టైములో నాన్న స్టేటస్ స్క్రీన్‌షాట్ ఎవరో సీనియర్ చూపించి ఉంటే వాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. నాకు జరిగింది, అందుకే చెప్తున్నా. మా అమ్మ పెట్టింది స్టేటస్ కాదు, ఏకంగా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాయిస్ మెసేజ్.

ఫోటోల విషయం సింపుల్. ఐఎంఏ పరేడ్ ఫోటోలు పెట్టుకోండి, అవి టీవీలో పేపర్లో వచ్చినవే. యూనిట్‌వి, బోర్డు ఉన్నవి, వెనకాల కొండ గానీ బండి గానీ కనపడేవి వద్దు. ఎవరన్నా ఎక్కడ అంటే ఉత్తరాన అనండి చాలు. లీవు ఎప్పుడు అంటే వచ్చినప్పుడు అనండి. ఏడాదికి 60 రోజులు యాన్యువల్, 20 రోజులు క్యాజువల్ అని కాగితం మీద ఉంటుంది, ఎప్పుడిస్తారనేది మాకే ముందురోజు దాకా తెలీదు.

మామూలుమనిషి బ్రో, నీ ప్రశ్న కరెక్టే, నాకూ స్పెషల్ అనిపించదు. మా నాన్నకి అనిపిస్తుంది, అనిపించుకోనీ.

ఇంకోటి ఇక్కడ రాయొచ్చో లేదో, రాసేస్తున్నా. జాయినింగ్‌లో నింపే కాగితాల్లో నెక్స్ట్ ఆఫ్ కిన్ అని ఒక గడి ఉంటుంది, మనకేమన్నా అయితే కబురు చెప్పాల్సిన దగ్గరి మనిషి అన్నమాట. అందులో నాన్న పేరే రాశా. పక్కన ఫోన్ నంబరు మాత్రం బాబాయిది ఇచ్చా. ఆ ఫోన్ ఎప్పుడైనా వచ్చే పనైతే, నాన్న ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు రాకూడదని. బాబాయికి చెప్పా. నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఎప్పుడు కలిసినా నాకు ప్రమోషన్ ఎప్పుడొస్తుంది అని అడుగుతాడు, అంతే.

——

హవల్దార్_రిటైర్డ్:

అమ్మా, లాస్ట్ సీన్ తల్లి చూస్తే ఏ దేశానికీ నష్టం లేదు. కానీ మీ ఫోన్‌కి లాక్ పెట్టుకోండి.

కెప్టెన్ సాబో మేజర్ సాబో తెలీదు, జైహింద్ సాబ్. నేను 24 ఏళ్ళలో మా ఇంటి నంబరే రాశా. మా ఆవిడ ఫోన్ మోగితే ఎందుకు ఉలిక్కిపడేదో నాకు రిటైరయ్యాక గానీ అర్థం కాలేదు.

——

కొత్తస్టార్_నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. హవల్దార్ గారూ, మీరు ఆపమన్నచోటే ఆపి ఫోన్ చేశా. మొదట ఎత్తలేదు, రాత్రి పదిన్నరకి వాడే చేశాడు.

మొత్తం చెప్పేశా. అరుస్తాడనుకున్నా, అరవలేదు. ఇంకో మనిషి మాట్లాడుతున్నట్టుంది. ఏ నంబరు, ఎన్నింటికి, వాడు ఏమన్నాడు, నువ్వు సరిగ్గా ఏ మాట అన్నావు, ఊరు పేరులో సగం అక్షరం అన్నా వచ్చిందా, ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. నా కొడుకు నన్ను అలా ఎప్పుడూ ప్రశ్నలడగలేదు, చేతులు కట్టుకుని జవాబు చెప్పా, ఫోన్లోనే. "సరే నాన్నా, పొద్దున్నే సీఓ గారికి చెప్తా. ఆ నంబరు డిలీట్ చెయ్యకు, మళ్ళీ వస్తే ఎత్తకు" అన్నాడు. నీకేమన్నా అవుతుందా అంటే "చెప్పావుగా, ఇంకేం కాదు" అన్నాడు. తర్వాత వాడి మామూలు గొంతుతో "అమ్మ పడుకుందా" అన్నాడు. రెండు రోజుల తర్వాత రిపోర్ట్ చేశానని మెసేజ్ పెట్టాడు, అంతకు మించి నేను అడగలేదు, వాడు చెప్పలేదు. నిద్ర పట్టింది.

మామూలుమనిషి గారూ, మా ఆవిడకి మీది చదివి వినిపించా. మాకు కరెంటు పోయినప్పుడల్లా తిట్టేది, ఇక తిట్టనంది. చూద్దాం ఎన్నాళ్ళో.

మొన్న మా బావమరిది మళ్ళీ అడిగాడు ఎక్కడ పోస్టింగ్ అని. ఈసారి తెలీదనలేదు, తల ఎత్తి "56 ఏపీఓ" అన్నా. ఓహో అన్నాడు. సాయంత్రానికి మళ్ళీ ఫోన్, "బావా, మ్యాప్స్‌లో ఎంత వెతికినా దొరకట్లేదు, స్పెల్లింగ్ చెప్పు" అని.

యూనిట్ నుంచి రాసిన బాబూ, నీది నాలుగుసార్లు చదివా. నిన్న మావాడు ఫోన్ చేస్తే అడిగా, ఆ ఫారంలో ఎవరి నంబరు రాశావురా అని. "ఏ ఫారం" అన్నాడు. నెక్స్ట్ ఆఫ్ కిన్‌ది అన్నా. కాసేపు మాట్లాడలేదు. "నీకెవరు చెప్పారు ఇవన్నీ" అన్నాడు. ఊరికే చదివాలే అన్నా. "నెట్‌వర్క్ సరిగ్గా లేదు నాన్నా, తర్వాత చేస్తా" అన్నాడు. గొంతు బాగానే వినిపిస్తోంది. సరేలే అని నేనే పెట్టేశా.